చివరి చెంబు నీళ్ళు

షవర్ కింద మొదటిసారి నిలబడ్డ రోజు ఎంతసేపటికీ బయటికి రాలేదు నేను. మా సామర్లకోటలో బాత్రూమంటే ఒక సిమెంటు తొట్టి, అందులో తేలే ప్లాస్టిక్ మగ్గు. అమీర్‌పేటలో మా ఆయన అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో మాత్రం పిడి తిప్పితే చాలు, నెత్తిమీద సన్నగా వాన మొదలయ్యేది.

"రవళీ, ట్యాంకులో నీళ్ళన్నీ నీ పేర రాసిచ్చారా ఏంటి?" అని ప్రమోద్ తలుపు కొట్టేవాడు.

"మిగిలితే మీకూ పోస్తాలెండి!" అని లోపలినుంచి అరిచేదాన్ని.

పెళ్ళయిన కొత్తలో నాకు ప్రతిదీ పండగలాగే ఉండేది. సగం లేచిన మెట్రో స్తంభాల మధ్య నుంచి స్కూటర్ మీద పంజాగుట్ట దాకా వెళ్ళడం పండగ. మైత్రీవనం చుట్టూ వేలాడే కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ, వాటి కింద నిలబడి మిరపకాయ బజ్జీ తినడం పండగ. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసే మొగుడు చొక్కా జేబులో ఐడీ కార్డు మర్చిపోయి వెళ్తే, దాన్ని పట్టుకుని బస్టాపు దాకా పరిగెత్తడం కూడా పండగే.

ఆ సందడిలోకే మా వదిన వచ్చింది.

సుమశ్రీ వదిన ప్రమోద్‌కి అక్క. రాజమండ్రిలో జూనియర్ కాలేజీ లెక్చరర్. రక్త క్యాన్సర్ వచ్చి, తమ్ముడి ఎముక మూలుగ తీసి ఆమెకి ఎక్కించారు. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో అది జరిగింది. మా పెళ్ళి ముహూర్తం అప్పటికే పెట్టేసి ఉండటంతో, తమ్ముడి పెళ్ళిని ఆమె ఆస్పత్రి గదిలోంచి ఫోన్‌లో చూసింది. డిశ్చార్జి చేశాక రాజమండ్రి పంపలేదు. వారానికి రెండుసార్లు చూపించుకోవాలి కాబట్టి మా ఇంటికే తీసుకొచ్చారు. ఆమెతోపాటు మా అత్తగారు కమలకుమారి కూడా.

డిశ్చార్జి రోజు డాక్టర్ మానస మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇంటికి పంపుతున్నాం గానీ, ఈవిడ ఒంట్లో కాపలావాళ్ళు ఇంకా డ్యూటీలో చేరలేదండీ. మీకూ నాకూ ఏమీ చెయ్యని క్రిములు ఈవిడని పడగొట్టగలవు. తాగే నీళ్ళు కాచి ఇవ్వాలని అందరికీ తెలుసు. స్నానం నీళ్ళ సంగతే ఎవరికీ తట్టదు. ట్యాంకులో, గీజర్లో, పైపుల లోపల జిగురు పట్టి ఉంటుంది. క్రిములు అందులో కాపురం పెడతాయి. షవర్ తిప్పితే ఆ తుంపర ఊపిరితో లోపలికి పోతుంది. అందుకని షవర్‌కొకటి, కుళాయికొకటి, ఈ ఫిల్టర్లు పెట్టండి. నెల కాగానే తీసి పారెయ్యండి. కడిగి మళ్ళీ పెట్టడం, ఎండలో ఆరబెట్టడం లాంటివి చెయ్యొద్దు. ఫిల్టర్ దాటని నీళ్ళు ఒక్క చెంబు కూడా ఈవిడ ఒంటి మీద పడకూడదు."

"మాకూ కాపురం కొత్తే డాక్టర్‌గారూ, క్రిములని ఖాళీ చేయించేస్తాం" అన్నాను. ప్రమోద్ నా కాలు తొక్కాడు. డాక్టర్ నవ్వేసింది. వదిన కూడా మాస్కు వెనక నవ్వింది, కళ్ళు చిన్నవయ్యాయి. ఆ క్షణం నుంచే ఆమె నాకు నచ్చేసింది.

ఫిల్టర్లు బిగిస్తుంటే కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ స్వరాజ్యమ్మగారు చూడ్డానికి వచ్చింది.

"ఏందిది బిడ్డ, కుళాయి మూతికి చిక్కం కట్టిన్రు?"

"క్రిములు రాకుండా అండీ. మా వదిన కోసం."

"గట్లనా. మొన్ననే సంపు సుత కడిగించిన గదనే."

"కడిగినా ఉంటాయటండీ."

"ఉంటయ్ తీ. గీ పట్నంల మనుషులే ఒకల్ల మీద ఒకలు ఉన్నరు, గవి ఎందుకుండయ్?" అని ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బాత్రూమ్ గుమ్మంలోంచే మళ్ళీ తొంగి చూసింది. "మస్తు పైలంగ చూస్కో. చిన్న పిల్ల లెక్కనే ఉన్నది ఆమె."

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారితో ఒకే గడప దాటకూడదు కదా, మా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది. అత్తగారు ఒప్పుకోలేదు.

"అమ్మాయిని పంపేస్తే సుమని చూసుకోవడం నా ఒక్కదాని వల్ల కాదు వదినగారూ. శాస్త్రం అంటారా, ఒకే గడప ఇద్దరూ దాటకూడదన్నారు. సరే, నేను దాటను. మీ అమ్మాయిని దాటుకోమనండి."

అన్నట్టుగానే ఆవిడ గుమ్మం దాటలేదు. కూరగాయలకీ మందులకీ నేనే, ఆస్పత్రికి వదినతో నేనే. మా అమ్మ గుమ్మం బయట నన్ను పక్కకి లాగి "అలిసిపోతావే" అంది. నాకు అలుపేమీ లేదు. నా అంత అదృష్టవంతురాలు ఎవరని ఎగిరిపడుతున్నాను.

ఫిల్టర్ల మీద పెత్తనం నాదే. వాటి మూతిని ఎవరూ వేలితో ముట్టుకోకూడదు. స్నానానికి ముందు నేల కడిగి, స్టూలు తుడిచి, నీళ్ళు కాసేపు వదిలి అప్పుడు వదినని పిలిచేదాన్ని.

"నీళ్ళ కలెక్టర్‌గారూ, రావచ్చా?" అనేది వదిన.

"అర్జీ పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నానండీ. నా పేరు సుమశ్రీ. జుట్టు లేదు కాబట్టి షాంపూ ఖర్చుండదు."

స్నానమయ్యాక ఆమె గదిలో ఒక మూల నేను, ఒక మూల ఆమె కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పెళ్ళిలో ఎవరు అలిగారు, ప్రమోద్ పంచె ఎలా జారిపోబోయింది, ఫోన్‌లో కనిపించనివన్నీ నా చేత చెప్పించుకునేది.

ఆ ఏడే గోదావరి పుష్కరాలు. పొద్దున లేస్తే టీవీలో అవే. వదిన మాస్కు పెట్టుకుని హాల్లో కూర్చుని రేవుల్ని గుర్తుపట్టేది.

"అదిగో, కోటిలింగాల రేవు. కిందటి పుష్కరాలకి అక్కడే కదమ్మా నా కొత్త చెప్పులు పోయాయి? పోతే పోయాయని ఇంకో మునక వేశాను." ఆ వెంటనే అనేది. "ఊరు ఊరంతా నీళ్ళలో ఉంది. నేనొక్కదాన్నే పొడిగా ఉన్నాను."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. "మళ్ళీ పుష్కరాలకి నేనుంటానో లేదో గానీ నువ్వు మునుగుతావే తల్లీ" అనేవారు. అది విన్న వదిన టీవీ వైపే చూస్తూ ఉండేది. మళ్ళీ పుష్కరాలకి ఎవరుంటారో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

పుష్కరాలు ముగిసే రోజుల్లో జోగారావుగారు వచ్చారు. అత్తగారి చెల్లెలు అరుణాదేవిగారి భర్త ఆయన. వాళ్ళిల్లు యూసుఫ్‌గూడలో. రాజమండ్రి వెళ్ళి మునిగి, భార్యతో సహా సరాసరి రైలు దిగి మా ఇంటికే వచ్చేశారు. చేతిలో తెల్ల ప్లాస్టిక్ క్యాను, దాని మెడకి పసుపు దారం.

"అమ్మా సుమా, నువ్వు రాలేకపోతే ఏం, గోదారమ్మనే తీసుకొచ్చాను" అన్నారు దూరంగానే నిలబడి.

వదిన లేచి నిలబడింది. చేతులు జోడించింది. ఆ క్యాను వైపు చూసినట్టు ఆమె ఏ మందు సీసా వైపూ చూడగా నేను చూడలేదు.

"ఇవాళే తలంటు పోసేస్తాను" అన్నారు అత్తగారు. "ఒళ్ళంతా మీ ఫిల్టర్ నీళ్ళే పోసుకోనీ. చివరి చెంబు మాత్రం ఇది. గండం కడిగేసినట్టు."

నేను ముందుకొచ్చాను. "అత్తయ్యగారూ, ఫిల్టర్ దాటని నీళ్ళు ఒక్క చెంబు కూడా వద్దన్నారు కదండీ డాక్టర్‌గారు."

"అవి కుళాయి నీళ్ళ గురించి చెప్పిన మాటలమ్మా."

"నది నీళ్ళయితే ఇంకా..."

జోగారావుగారు నవ్వారు. "గోదారికి ఫిల్టరా అమ్మాయ్! మీ సామర్లకోట కాలవనుకున్నావా? చూడు, పటిక వేసి రెండ్రోజులు తేర్చాను. అద్దంలా లేవూ?"

క్యాను ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టారు. నిజంగానే అద్దంలా ఉన్నాయి. బురద లేదు, నలకైనా లేదు. అంతమంది మునిగి లేచిన నీళ్ళు, ఇంత నిర్మలంగా.

"పోనీ కాచి పోద్దామండీ, మరగబెట్టి చల్లార్చి" అన్నాను.

"గంగని పొయ్యి మీద పెడతావా?" అరుణాదేవిగారు చెవులు మూసుకున్నారు. "అక్కా, నీ కోడలు ఎమ్మెస్సీయా ఏంటే?"

"బీకామే" అన్నారు అత్తగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

ప్రమోద్ వైపు చూశాను. అతను ఫోన్ వైపు చూస్తున్నాడు. "ఒక్క చెంబే కదా రవళీ" అన్నాడు తల ఎత్తకుండా.

వదినని అడుగుదామని ఆమె వైపు తిరిగాను. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. "నాకు కావాలి రవళీ" అంది మెల్లిగా. "అందరూ మునిగారు."

బాత్రూమ్ కడిగే పని నాదే కాబట్టి క్యాను, రాగి చెంబు నా చేతికే ఇచ్చారు. లోపలికి వెళ్ళి గడియ పెట్టాను. చెంబు చూశాను, క్యాను చూశాను, షవర్ మూతికి ఉన్న తెల్లని ఫిల్టర్ చూశాను. డాక్టర్ మాట చెవిలో ఉంది. వదిన మాట కూడా చెవిలోనే ఉంది.

ఆ నీళ్ళు మోరీలో పోయడానికి చేతులు రాలేదు. నేను మాత్రం పుష్కర స్నానం ఎప్పుడు చేశాను? క్యాను ఎత్తి నా నెత్తిన కుమ్మరించుకున్నాను. చల్లగా, ఒక్కసారిగా, చీర రవికె తడిసిపోయేలా. వణుకు పుట్టింది, నవ్వొచ్చింది. అమ్మా గోదారీ, మా వదినని చల్లగా చూడమని లోలోపల దండం పెట్టుకున్నాను. తర్వాత నేల, గోడలు మళ్ళీ రుద్ది కడిగాను. చెంబు తోమి, ఫిల్టర్ ఉన్న కుళాయి నీళ్ళతోనే తొలిచి, దాని కిందే పెట్టి నింపాను.

తడిసి ముద్దయి బయటికొస్తే అత్తగారు "కడగమంటే నువ్వూ స్నానం చేశావా?" అన్నారు.

"షవర్ తిరిగిపోయిందండీ" అన్నాను.

ఆ చెంబుని అత్తగారు రెండు చేతులా అందుకుని లోపలికి వెళ్ళారు. తలుపు ఓరగా వేసి ఉంది. గంగే చ యమునే చైవ అని ఆవిడ చదవడం, నీళ్ళు పడటం, వదిన ఊపిరి ఎగబీల్చడం వినిపించాయి. తర్వాత వదిన గొంతు.

"అమ్మా, గోదావరి వాసన వచ్చింది."

అత్తగారు ఏడ్చారు. బయట అరుణాదేవిగారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు దేనికో నాకే సరిగ్గా తెలియదు.

ఆ రాత్రి వదిన రెండు ముద్దలు ఎక్కువ తింది. మర్నాడు కాస్త పాడింది కూడా. ఆ వారం రక్త పరీక్షలో కణాలు పెరిగాయి. డాక్టర్ మానస "భేష్" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తగారు దేవుడి గూట్లో దీపం పెట్టి మా వైపు తిరిగారు.

"చూశారా? మీ డాక్టర్లు, మీ ఫిల్టర్లు. గోదారి నీళ్ళు తలమీద పడ్డాయి, ఏమైంది? జ్వరమొచ్చిందా, దగ్గొచ్చిందా? దీన్ని ఇన్నాళ్ళూ ఉత్తినే భయపెట్టారు."

ప్రమోద్ కూడా సోఫాలో వెనక్కి వాలి అన్నాడు. "నిజమే అమ్మా. ఒకరకంగా టెస్ట్ చేసినట్టే. అసలు ఫిల్టర్ లేని నీళ్ళే పోశాం, పాసైంది. ఇంక కుళాయి నీళ్ళెంత?"

నేను ఒక్క చెంబు నీళ్ళు మార్చాను. ఆ చెంబే ఇప్పుడు ఫిల్టర్ అక్కర్లేదనడానికి సాక్ష్యమైంది.

మర్నాడు పంజాగుట్ట నుంచి వస్తూ, స్కూటర్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ప్రమోద్ వీపుకి ఆనుకుని చెప్పేశాను. ఏ నీళ్ళు వదిన మీద పడ్డాయో, ఏవి నా మీద పడ్డాయో అంతా.

అతను వెనక్కి తిరిగి చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పిచ్చిదానా, అమ్మకి తెలిస్తే చస్తుంది."

"తెలియక్కర్లేదు. మీరు కొత్త ఫిల్టర్లు తీసుకురండి చాలు. నెల అయిపోవస్తోంది."

"తెస్తాలే. నువ్వు మాత్రం నోరు మెదపకు."

నడుం చుట్టూ ఉన్న నా చేతిని నొక్కాడు. నేను నమ్మాను. అతను చెప్పింది నమ్మడం కూడా ఆ రోజుల్లో నాకు సంతోషమే.

నెల దాటింది. "ఇవాళ తెస్తా" అని పొద్దున అనేవాడు. సాయంత్రం వాళ్ళమ్మ "ఇంకా ఎందుకురా దండగ, దానికి బాగానే ఉందిగా" అంటే "అదీ నిజమేలే" అనేవాడు. అసలు సంగతి చెప్పకుండా ఆవిడకి ఎదురు చెప్పడానికి అతని దగ్గర మాట లేదు. చెప్పడానికి ధైర్యం లేదు. నేను గదిలో అడిగితే "కాస్త ఆగు, అమ్మ మూడ్ చూసి" అనేవాడు. వానలకి సంపులోకి ఎర్ర నీళ్ళు వస్తున్నాయి. పాత ఫిల్టర్ మూసుకుపోయి షవర్ నుంచి వాన కాస్తా దారమైంది.

ఒక పొద్దున వంటింట్లో పప్పు తాలింపు వేస్తుంటే బాత్రూమ్‌లోంచి కిర్రుమని చప్పుడొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, అత్తగారు కుళాయి ఫిల్టర్ విప్పి గట్టు మీద పెట్టారు. షవర్ ఫిల్టర్ అప్పటికే చెత్తబుట్టలో ఉంది. కుళాయి నుంచి నీళ్ళు బకెట్లోకి ధారగా దూకుతున్నాయి. వదిన తువ్వాలు భుజాన వేసుకుని తన గది గుమ్మంలో నిలబడి ఉంది.

"అబ్బ, ఇన్నాళ్ళకి నీళ్ళ చప్పుడు వింటున్నాం" అన్నారు అత్తగారు. "రావే సుమా."

"వద్దండీ" అన్నాను. బాత్రూమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "వదినా, రావద్దు."

"ఏంటమ్మాయ్ ఇది? తప్పుకో. పుష్కర నీళ్ళకే ఏమీ కాలేదు దానికి."

"ఆ నీళ్ళు వదిన మీద పడలేదండీ."

కుళాయి అలాగే కారుతోంది. ఎవరూ కట్టలేదు.

"ఏంటన్నావ్?"

"చెంబులో ఉన్నవి ఫిల్టర్ నీళ్ళేనండీ. నేను మార్చాను. అందుకే ఏమీ కాలేదు. ఈ నీళ్ళు పొయ్యకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

గదిలోంచి ప్రమోద్ వచ్చాడు. అత్తగారు అతని వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు. "మరి గోదారి నీళ్ళేం చేశావ్? పారబోశావా?"

"లేదండీ. పారబొయ్యడానికి మనసొప్పలేదు." ఇంక దాచి ఏం లాభమని చెప్పేశాను. "నేనే పోసుకున్నాను."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. కుళాయి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు.

"నా కూతురి నెత్తిన పడాల్సింది నీ నెత్తిన పోసుకున్నావా? కొత్తగా కాపురానికొచ్చిన దానివి, నీకేం తక్కువైందని? అది ప్రాణం ఉగ్గబట్టుకుని చెయ్యి చాస్తే దాని పుణ్యం కూడా నీకే కావాల్సొచ్చిందా?"

"అత్తయ్యగారూ, అది కాదండీ..."

"ప్రమోదూ, నీకు తెలుసా ఈ సంగతి?"

ప్రమోద్ నా వైపు చూశాడు. "లేదమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాట నాకు అర్థమయ్యేలోపే వదిన వచ్చి నా ఎదురుగా నిలబడింది. మాస్కు పైన ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నువ్వు నా మంచికే చేశావు రవళీ. అది నాకు తెలుసు. కానీ నన్నడగలేదు. ఈ ఒంటి గురించి డాక్టర్లు నిర్ణయిస్తారు, అమ్మ నిర్ణయిస్తుంది, సరే. నువ్వైనా అడుగుతావనుకున్నాను. గోదావరి వాసన వచ్చిందన్నాను ఆ రోజు. నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు. విని ఊరుకున్నావు."

"మీరంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను వదినా?"

"అంతే. నా సంతోషం ఉత్తిదని నీకొక్కదానికే తెలుసు." ఆమె గోడ పట్టుకుంది. "ఇంక నువ్వు ఏ గ్లాసు అందించినా, ఇందులో ఏముందో అని చూస్తాను. అలా బతకలేను నేను."

మధ్యాహ్నానికల్లా జోగారావుగారు కారు తీసుకుని వచ్చారు. ఆషాఢం ఇంకా పోలేదు. అత్తగారు గడప ముందు ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడకుండా దాటారు. మెట్ల కింద స్వరాజ్యమ్మగారు నిలబడి ఉంది.

"ఏంది బిడ్డ, గిట్ల నడిమిట్లనే పోతుండ్రు? ఆమెకు బాగలేదాయె."

"యూసుఫ్‌గూడకి అండీ. వాళ్ళ పిన్నిగారింటికి."

"ఆడ సుత కట్టిన్రా కుళాయికి?"

నేను లేదని తలూపాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండునని, ఎవరైనా ఏదైనా గట్టిగా అడిగితే బాగుండునని అనిపించింది.

ఆ సాయంత్రమే ప్రమోద్ కొత్త ఫిల్టర్లు తెచ్చాడు. ఇన్నాళ్ళుగా దొరకని తీరిక ఆ ఒక్క సాయంత్రం దొరికింది. తనే బిగించాడు.

"ఎవరికి ఇప్పుడివి?" అన్నాను.

"కోపం తగ్గాక వచ్చేస్తారు కదా. అప్పటికి సిద్ధంగా ఉంటాయి."

"మీకు తెలియదని ఎందుకన్నారు?"

"ఇద్దరి మీదా కోపమొస్తే అమ్మ ఎవరి మాట వింటుంది చెప్పు? ఒకళ్ళైనా ఆవిడ వైపు ఉండాలి కదా." సర్దిచెప్పినట్టు నా చెంప తట్టాడు. నేను చెంప పక్కకి తిప్పుకున్నాను. పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

మర్నాడు కుళాయి ఫిల్టర్ ఇంకొకటి కొని, విప్పని ప్యాకెట్టుతో యూసుఫ్‌గూడ వెళ్ళాను. అరుణాదేవిగారు గుమ్మంలోనే మాట్లాడారు.

"మా బాత్రూమ్‌లో కుళాయే లేదమ్మా. డ్రమ్ములోంచి తోడుకుంటాం. దేనికి తగిలిస్తావు?"

"పోనీ వంటింటి కుళాయికి పెట్టి, అక్కడినుంచి పట్టుకుని..."

"వంటింటి కుళాయి పాతకాలందమ్మా. ఫిల్టర్ బిగించడానికి దానికి మరలెక్కడివి?" ఆవిడ గొంతు తగ్గించారు. "అక్క నిన్ను లోపలికి రానివ్వద్దంది. నా నోటితో అనిపించకు తల్లీ."

పక్క గది కిటికీ తెర కదిలింది. "వదినా!" అన్నాను. "నన్ను తిట్టండి. కానీ కాచిన నీళ్ళే పోసుకోండి. చల్లార్చి పోసుకోండి."

"సరేలే రవళీ. వెళ్ళు" అంది వదిన తెర వెనక నుంచి. అది ఒప్పుకోవడమో, వదిలించుకోవడమో తెలియలేదు. ప్యాకెట్టు వాళ్ళ మెట్ల మీద పెట్టి వచ్చేశాను.

మళ్ళీ వదినని చూడటం వారం తర్వాత, స్ట్రెచర్ మీదే. చలిజ్వరంతో పళ్ళు కొట్టుకుంటున్నాయి, పెదవులు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళి తలుపులు వేశారు. బయట వరసగా కుర్చీలు. ఆ చివర అత్తగారు, చెల్లెలు, మరిదిగారు. ఈ చివర నేను, నా పక్కన ప్రమోద్. మధ్యలో కుర్చీలన్నీ ఖాళీ.

డాక్టర్ మానస బయటికొచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"బీపీ పడిపోతోంది. పరీక్షలకి పంపాం, కానీ ఫలితం వచ్చేదాకా ఆగే టైం లేదు. ఏ క్రిమో ఊహించి మందు మొదలుపెట్టాలి. బయట ఎక్కడికైనా వెళ్ళారా? బయటి తిండి తిన్నారా?"

"లేదు డాక్టర్" అన్నాడు ప్రమోద్.

"నీళ్ళు? ఫిల్టర్లు వాడుతూనే ఉన్నారు కదా?"

ప్రమోద్ వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ నేల చూస్తున్నారు.

"పెట్టాం డాక్టర్. ఈమధ్యే కొత్తవి మార్చాం."

అబద్ధం కాదు. ఆ పొద్దునే నేను ఆ షవర్ కింద స్నానం చేసి వచ్చాను. ఒక్క క్రిమి కూడా లేని నీళ్ళు.

డాక్టర్ వెనక్కి తిరిగింది. నేను లేచాను. ప్రమోద్ నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా.

"డాక్టర్‌గారూ, ఫిల్టర్లున్నది మా ఇంట్లో. వదిన అక్కడ లేరు. యూసుఫ్‌గూడలో ఉన్నారు. అక్కడ ఫిల్టర్ లేదు. డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్ళు."

డాక్టర్ ఆగిపోయింది. "ఎన్నాళ్ళుగా? కాచి పోశారా?"

నాకు తెలియదు. అటు చివరకి తిరిగాను. "చెప్పండి అత్తయ్యగారూ. కాచారా?"

అరుణాదేవిగారే ఏడుస్తూ అన్నారు. "గోరువెచ్చగా చేసి పోశామమ్మా. కాగబెట్టలేదు. తలమీద నుంచే పోశాం, వెళ్ళిన రోజు నుంచీ."

"ఈ ముక్క ముందు చెప్పాలి కదండీ" అని డాక్టర్ లోపలికి పరిగెత్తినట్టే వెళ్ళింది. తలుపు మూసుకునేలోపు నర్సుతో మందు మార్చమని ఏదో పేరు చెప్పడం వినిపించింది.

అప్పుడు అత్తగారు తలెత్తారు. నాతో కాదు, గోడతో అన్నట్టుగా అన్నారు.

"దానికి గోదారి దక్కనివ్వలేదు. అందుకే ఇలా అయింది."

ప్రమోద్ నా చెయ్యి వదిలేశాడు. లేచి, ఆ ఖాళీ కుర్చీలన్నీ దాటుకుంటూ వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. నేను కూర్చోలేదు. డాక్టర్ మళ్ళీ వచ్చి ఇంకేమైనా అడిగితే చెప్పడానికి ఇటువైపు ఎవరో ఒకరు ఉండాలని, ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను.